కిటికీ ఖాళీగా ఉండకూడదు

భీమవరంలో రత్నమాణిక్యం గారి ఇంటి అరుగు మీద పొద్దున్నే జనం చేరతారు. "కాస్త కాళ్ళు తీయండి బాబూ" అంటూ పనిమనిషి పెద్దింట్లమ్మ వాళ్ళ చుట్టూ చీపురు తిప్పుతుంది. ఒకడికి నిలువెత్తు కత్తి, ఇంకొకడికి మోకాళ్ళ దాకా గడ్డం. అరచేతుల్లోంచి మంటలొచ్చే ఆవిడొకతె వస్తే మాత్రం కొబ్బరాకులకు (అరుగు పందిరివి) దూరంగా కూర్చోమంటుంది. ఆ వీధిలో ఎవరూ వాళ్ళని వింతగా చూడరు.

వాళ్ళంతా రత్నమాణిక్యం గారి మేనకోడలు నీలవేణి కోసం వచ్చినవాళ్ళు. ఆమె బాబాయి కొడుకు శ్రీనివాసరాజు హైదరాబాదులో కంప్యూటరు ఆటొకటి నడుపుతున్నాడు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో నెట్టులో చేరి ఆడతారు. ఆడే ప్రతివాడూ తనకో పాత్రను కల్పించుకుని, దాని పుట్టుపూర్వోత్తరాలు రాసి పంపుతాడు. ఆటలోని లోకానికి, అక్కడి ఆచారాలకీ చరిత్రకీ ఆ పాత్ర అతుకుతుందా లేదా అని చూడటం, అతకకపోతే ఎలాగోలా అతికించడం ఇంటి దగ్గరే ఉండి ఎమ్మే చదివిన నీలవేణి పని. రాసింది రాగానే ఆ పాత్ర కూడా వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. ఆమె ఒప్పుకుంటే లేచి కాలవ గట్టు వెంట ఆ లోకానికి వెళ్ళిపోతుంది. ఒప్పుకోకపోతే మంచు విడిపోయినట్టు అక్కడికక్కడే లేకుండా పోతుంది.

మొదట్లో సరదాగానే ఉండేది. ఇప్పుడు నీలవేణికి విసుగు ఎముకల్లోకి దిగింది. వచ్చినవాడల్లా అనాథే, వచ్చినవాడల్లా తప్పిపోయిన రాజకుమారుడే. "ఇంకొక్క అనాథ వస్తే గోదాట్లో దూకుతానండి అత్తయ్యగారూ" అనేది. నిజానికి అసలైన అనాథ తనే. చిన్నతనంలో అమ్మా నాన్నా పోతే మేనత్త రత్నమాణిక్యం గారే తెచ్చి పెంచారు.

ఆవిడ మొగల్తూరు ఆడపడుచు. చుట్టుపక్కల రాజుల ఇళ్ళలో ఆడపిల్లలు స్కూటర్ల మీద కాలేజీలకు పోతున్నా, ఈ ఇంట్లో ఘోషా పోలేదు. వీధి కిటికీకి వెదురు తడిక, తడిక వెనక కుర్చీ, కుర్చీలో ఆవిడ. ఆడమనిషి కిటికీ దగ్గర లేని ఇల్లు ఇల్లు కాదని ఆవిడ నమ్మకం. బయటికి వెళ్ళాలంటే లోవరాజు రిక్షా పరదా కట్టుకుని రావాలి. మామయ్యగారు పోయాక ఆ రిక్షా కూడా మానేశారు. ఆ కట్టుబాటు తనకీ వర్తించినా నీలవేణి ఎదురు చెప్పలేదు. పెంచిన మనిషితో ఏం వాదిస్తుంది?

ఒకనాడు శ్రీనివాసరాజు ఫోన్ చేశాడు. "అక్కయ్యగారూ, ఇకమీదట పనంతా ఆఫీసులోనేనండి. సోమవారానికి మీరిక్కడ ఉండాలి. లేకపోతే వేరేవాళ్ళని పెట్టుకోక తప్పదు."

అత్తయ్యగారు విని, "నేను పోయాక వెళ్దువుగానిలే అమ్మా" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కోపముంటే నీలవేణి ఎదురు తిరిగేదేమో. ముప్పై దాటిన మనిషి, బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఈ పని పోతే తనకి మిగిలేది ఆ తడిక వెనక ఇంకో కుర్చీయే.

శనివారం మధ్యాహ్నం అరుగు మీద ఒకే ఒక్క అమ్మాయి ఉంది. ముక్కు దాకా మేలిముసుగు, భుజాన విల్లు. ఆ ముసుగు చూడగానే అత్తయ్యగారు ముచ్చటపడిపోయారు. "మనవాళ్ళ పిల్లలా ఉందమ్మా. ఎండలో ఎందుకు, లోపలికి రమ్మను. ఇంటిపేరేంటి తల్లీ?"

"ఇంటిపేర్లు లేవండి. నా పేరు ఇసెల్. ఓర్వాన్ దేశం" అంది ఆ పిల్ల లోపలికొస్తూ.

నీలవేణి నీరసంగా కుర్చీలో వెనక్కి వాలింది. ఓర్వాన్ గురించి ఆమెకు బాగా తెలుసు. అక్కడ పుట్టిన ప్రతి ఆడపిల్లకీ సముద్రం వైపు ఒక కిటికీ ఉంటుంది. బతికినంత కాలం అందులో కూర్చుని సముద్రాన్ని చూస్తూ ఉండాలి. ఒక్క కిటికీ ఖాళీ అయినా సముద్రం ఊరి మీదికొస్తుంది. అందుకే ఓర్వాన్ ఆడవాళ్ళెవరూ బయట తిరగరు. మరి విల్లు పట్టుకుని తిరిగే ఓర్వాన్ పిల్లని ఆ లోకంలో ఎక్కడ ఇరికించేది?

"నిన్ను వెళ్ళగొట్టారని రాయనా?"

"మావాళ్ళు ఎవర్నీ వెళ్ళగొట్టరండి. కిటికీ ఖాళీ అయిపోదూ?"

"పోనీ పారిపోయావని?"

"పారిపోతే ఊరు మునుగుతుంది. ఊరు ముంచి వచ్చినదాన్ని దారిలో ఎవరు నమ్ముతారండి?" ఇసెల్ ముందుకు వంగి అడిగింది. "కాదని రాసేస్తారా?"

నీలవేణికి ఆ పిల్ల మీద జాలి, తన మీద అంతకంటే ఎక్కువ జాలి కలిగాయి. "నీ సంగతి తేల్చలేను, నా సంగతి తేల్చుకోలేను. ఇల్లు వదలకూడని ఆడవాళ్ళని బయటికి తేవడం నాకు రాదమ్మా" అనేసింది. అని నాలిక్కరుచుకుంది. తడిక దగ్గర అత్తయ్యగారు వక్క నమలడం ఆపేశారు.

ఇసెల్ వైపు తిరిగి ఆవిడే అడిగారు. "అమ్మాయ్, ఆ కిటికీలో నువ్వే కూర్చోవాలని రూలా? ఎవరున్నా సరేనా?"

ఇసెల్ ఆలోచించింది. "ఖాళీగా ఉండకూడదనేనండి. ఇన్నేళ్ళలో ఇంకెవరూ అడగలేదు మరి, కూర్చుంటామని."

"అందులోంచి సముద్రం కనిపిస్తుందా?"

"సముద్రమే కనిపిస్తుందండి. ఇంకేం కనిపించదు."

"మొగల్తూర్లో పడుకుంటే హోరు వినపడేది" అన్నారు అత్తయ్యగారు మెల్లగా. "పట్టుమని రెండు గంటల బండి ప్రయాణం కూడా కాదు. మగపిల్లలంతా వెళ్ళి గవ్వలేరుకుని వచ్చేవాళ్ళు. నన్ను తీసికెళ్ళలేదు. పెళ్ళయ్యాక అడగాలనిపించలేదు." తర్వాత నీలవేణి వైపు తిరిగారు. "నా పేరు రాయి."

"అత్తయ్యగారూ, ఏంటండీ ఆ మాటలు?"

"కూర్చోవడం నాకు కొత్తా? అరవై ఏళ్ళ అనుభవం. రాయమ్మా."

"ఇల్లో?"

ఆవిడ కుర్చీనీ తడికనీ చాలాసేపు చూశారు. "ఇది ఖాళీగా ఉంటే ఏ సముద్రమూ రాదులే" అన్నారు. అంత అలసిపోయిన గొంతు నీలవేణి ఎప్పుడూ వినలేదు.

ఏడుస్తూనే రాసింది. ఓర్వాన్ కిటికీలో ఇసెల్ బదులు రత్నమాణిక్యం అనే పెద్దావిడ కూర్చుందని, అందువల్ల ఇసెల్ దేశం చూడటానికి బయల్దేరిందని. ఎక్కడా అతుకు కనపడలేదు. ఒప్పుకున్నట్టు మీట నొక్కడానికి మాత్రం వేలు రాలేదు. అత్తయ్యగారు వచ్చి ఆ వేలు పట్టుకుని నొక్కించారు.

పట్టుచీర కట్టుకున్నారు. కళ్ళజోడు, వక్కపొడి డబ్బా, కూర్చోవడానికో దిండు తీసుకున్నారు. కబురందుకున్న లోవరాజు రిక్షాకి అలవాటుగా పరదా కట్టుకుని వచ్చాడు.

"అదెందుకురా, విప్పెయ్" అన్నారు ఆవిడ.

సాయంకాలం ఎండలో, వీధంతా చూస్తుండగా, రిక్షా కాలవ గట్టు వెంట వెళ్ళింది. పక్కన ముసుగు తీసేసిన ఇసెల్ నడుస్తోంది. చీకటి పడకముందే లోవరాజు ఖాళీ రిక్షాతో తిరిగొచ్చాడు. "దిగబెట్టానండి. మెట్లు ఎక్కువే. మెల్లగా ఎక్కారు" అన్నాడు. నీలవేణి ఇల్లు తాళం వేసి తాళంచెవి పెద్దింట్లమ్మకిచ్చింది. సోమవారం హైదరాబాదులో ఉంది.

ఆషాఢం వెళ్ళాక ఒకరోజు శ్రీనివాసరాజు ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. "అక్కయ్యగారూ, ఓర్వాన్ రేవులో ఏదో తప్పుందండి. ఒక కిటికీలోంచి ముసలావిడెవరో పడవవాళ్ళని ఇంటిపేరు అడుగుతోందట. చెప్పేదాకా పడవ కదలడం లేదట. తీసేద్దామా?"

"తప్పు కాదు తమ్ముడూ. అక్కడి ఆచారం" అంది నీలవేణి.

అతను వెళ్ళాక, ఆ రేవు మీదుగా పోయే ఒక పడవవాడి చేత అత్తయ్యగారిని అడిగించింది, సముద్రం ఎలా ఉందని. భోజనాల వేళకి జవాబు వచ్చింది.

"వినపడినదానికంటే పెద్దదమ్మా. నువ్వు అన్నం తిన్నావా?"