లేని కుక్క

పిచ్చుక గిన్నెలు కడుగుతూ వంటింటి కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇంటి ముందు నాన్న నూనెగుడ్డతో కారు తలుపు మీది స్టిక్కరును రుద్దుతున్నాడు. నల్లటి నాలుగు అంకె. అది ఊడుతున్నకొద్దీ ఆమె చేతిలో పీచు మరింత గట్టిగా తిరుగుతోంది.

ఆ పిల్ల చిన్న ఒళ్లూ సన్నటి గొంతూ చూసి ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు పిచ్చుక. బేకరీ వ్యాను నడిపి, ఆ జీతంతో కారు కొనుక్కుంది. కాగితాల్లో మాత్రం నాన్న పేరుంది. మొన్న పొద్దున స్నేహితురాలి ఇంటికని చెప్పి, కారుతో రేస్ ట్రాక్‌కి వెళ్లింది. పందెంలో అందరికన్నా ముందుండి, చివరి మలుపులో టైర్ల గోడకు గుద్దింది. కారు ముందుభాగం నుజ్జయింది. అలాగే ఈడ్చుకుంటూ వచ్చి ముగింపు గీత దాటింది. అప్పటికీ మొదట దాటింది తనే.

నాన్న లోపలికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "ఇదిగో విను. ట్రాక్ మీద గుద్దితే బీమా రాదట. కాసేపట్లో బీమా కంపెనీ సర్వేయరు వస్తాడు. మార్కెట్ రోడ్డులో కుక్క అడ్డొచ్చింది, తప్పించబోయి గోడకు కొట్టావు. అంతే."

"ఏ కుక్క నాన్నా?"

"ఏదో ఒక కుక్క! దాని ఊరూ పేరూ కూడా నేనే చెప్పాలా?"

ఉల్లిపాయలు తరుగుతున్న అమ్మ నవ్వాపుకుంది. "నల్లకుక్క అని చెప్పండి. చీకట్లో కనబడలేదంటే నమ్ముతాడు."

"నువ్వూరుకో. పిచ్చుకా, నువ్వేం మాట్లాడక్కర్లేదు. తలూపు చాలు. అది నీకు అలవాటేగా."

అలవాటే. నోట్లో నాలుక లేని పిల్ల అని చుట్టాలందరూ మెచ్చుకుంటారు.

సర్వేయరు వచ్చి కారు చుట్టూ తిరిగాడు. నాన్న చెబుతున్నకొద్దీ కుక్క పెరిగి పెరిగి దూడంత అయింది. అంతా విని ఆయన, బయటికొచ్చి నిలబడ్డ పిచ్చుక వైపు తిరిగాడు.

"నువ్వేనా అమ్మా నడిపింది? కుక్కేనా అడ్డొచ్చింది?"

నాన్న కళ్లెర్రజేశాడు. తలూపితే అయిపోతుంది. కానీ ఊపితే, ఆ పొద్దున తను ట్రాక్ మీద లేనట్టే. ఆ గీత ఎవరూ దాటనట్టే.

"కుక్క లేదండీ. ట్రాక్ మీద గుద్దాను. రేసులో."

"అలాగైతే మీకేమీ రాదమ్మా. ట్రాక్ మీద జరిగిన నష్టానికి మా పాలసీ వర్తించదు."

"తెలుసండీ. నేనే ఫస్టు వచ్చాను. అదీ రాసుకోండి."

ఆయన ఏమీ రాసుకోలేదు. పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"కొంప ముంచావు కదే!" ఇంట్లోకి రాగానే నాన్న గొంతు పైకి లేచింది. "రేపు మీ అత్తయ్య అడిగితే ఏం చెప్పను? ఆడపిల్ల పందేలకెళ్లి కారు గుద్దుకొచ్చిందని చెప్పనా?"

"చెప్పు. గుద్దినా గెలిచిందని కూడా చెప్పు."

"రిపేరు నేను చేయించను!"

"నా జీతంతో నేనే చేయించుకుంటా. అప్పటిదాకా సొట్టతోనే నడుపుతా."

"వీధంతా చూస్తుందే!"

"చూడనీ."

"ఆ కారుతో ఇల్లు కదిలావంటే చెబుతా నీ సంగతి!"

పిచ్చుక వంటింట్లో చివరి గిన్నె కడిగి బోర్లించింది. కిటికీలోంచి చూస్తే, తలుపు మీద మిగిలిన జిగురుకు దుమ్మంటుకుని నాలుగు అంకె ఆకారం ఇంకా కనిపిస్తోంది. తడిచేతులు తుడుచుకుని, సొరుగులోంచి నల్ల టేపు చుట్ట తీసింది. మేకుకున్న కారు తాళం అందుకుంది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ నాన్న పక్కనుంచి బయటికి నడిచింది.