తమ్ముడా, బావమరిదా

ధర్మవరంలో గంగాధర మగ్గం ఆగి పదకొండు రోజులైంది. పట్టుచీర సగంలో ఉండాది, సావుకారు రెండుసార్లు మనిషిని పంపినాడు. చీర సంగతి ఎవరికి గావల్ల? హిందూపురంలో కూతురు చౌడేశ్వరి కాపురం కూలేటట్టుండాది.

జరిగిందేమంటే, వంశావళులు పాడుకుంటా ఊరూరా తిరిగే ముసలాయప్ప ఒకడు చౌడేశ్వరి అత్తగారింటికి వచ్చినాడు. పది పన్నెండేండ్లకొకసారి వస్తాడు. పంచలో కూచొని, ముత్తాతల కాడి నుంచి పేర్లు పాడి, కొత్తగా పుట్టినోళ్ల పేర్లు నేర్చుకొని, గింజలు పెట్టించుకొని పోతాడు. చౌడేశ్వరి ఆర్నెల్ల బిడ్డ పేరు కలుపుదామని సంబరంగా కూచోబెట్టినారు. ఆయప్ప గొంతెత్తి, "పెనుకొండలో పుట్టిరి అన్నదమ్ములిద్దరు, పెద్దోడు పుల్లన్న, చిన్నోడు ఈరన్న" అన్నాడు. అంతే, పంచలో కూచున్నోళ్లు వేళ్లు మడిచి తరాలు లెక్కబెట్టినారు. ఈరన్న, అల్లుడు కుళ్ళాయప్పకు ముత్తాత. పుల్లన్న, గంగాధరకు సొంత తాత. ఇంకేముంది, ఆలుమగలిద్దరూ అన్నాచెల్లెండ్ల వరసైపాయ!

పెండ్లికి ముందర ఇంటిపేర్లు చూసుకోలేదా అంటారు. చూడకేం! వీళ్లు పెనుకొండోళ్లు, వాళ్లు అమరాపురమోళ్లు. కరువులో ఈరన్న అమరాపురం పోయి బతికినాడు, ఆ ఊరి పేరే వాళ్లకు ఇంటిపేరైంది. గోత్రాలు లేని కులం. ఇంటిపేరు వేరైతే చాలనుకున్నారు.

కులపెద్దలు అమావాస్య దాకా గడువిచ్చినారు. ఈరన్న పుల్లన్నకు తమ్ముడు కాదు, బావమరిది అని రుజువు తెస్తే కాపురం నిలుస్తాది, తేలేకపోతే ఎవరి దారి వాళ్లదే అన్నారు. వాళ్లకేం, చెప్పేది చెప్పి వక్కాకు నములుకుంటా పోయినారు. ఈరన్న పుల్లన్న పెండ్లాం తమ్ముడైతే మాత్రం ఇది మేలైన మేనరికం వరస, బంగారం లాంటి పెండ్లి. ఆ ఒక్క ఆశ పట్టుకొని గంగాధర పెనుకొండకు రైలెక్కినాడు.

పాత కరణం మనవడు అటక మీద నుంచి లెక్కల కట్టలు దించినాడు. రెండు రోజులు దుమ్ము మింగినాంక ఒక కాగితం దొరికింది. మూడెకరాల చేను, జంట పట్టా: పుల్లన్న, ఈరన్న. తండ్రి పేరు రాసిన పాపాన పోలేదు.

"జంట పట్టా అంటే అన్నదమ్ములేనా స్వామీ?" అని అడిగినాడు గంగాధర.

"అట్లని యాడుంది? బావమరదులకూ ఉంటాదప్పా. ఈ కాగితం చూసి ఏదీ చెప్పలేం."

ఇంక మిగిలింది మేనత్త దాసమ్మ ఒక్కతే. ఎనభై దగ్గరికొచ్చిన మనిషి, పదహారేండ్లకే మొగుడు పోయినాడు, ఆ ఊర్లోనే మరిది కొడుకు ఇంటెనక కొట్టంలో ఉంటాది. గంగాధర పోయేసరికి చింతపండులో గింజలు తీస్తాంది.

"ఏమిరా, పెండ్లి నాడు కనపడినోడివి, మళ్లా ఈ పొద్దా!"

వాడు ఉన్నదంతా చెప్పినాడు. ఆమె చెయ్యి ఆగిపాయ.

"ఈరన్న మా చిన్నాయన కదరా! మా నాయన తోడబుట్టినోడు. కరువులో పోతా పోతా నన్ను కోటగుమ్మం దాకా భుజానెత్తుకొనిపోయినాడు. నాకు తొమ్మిదేండ్లు అప్పుడు."

గంగాధర అడిగినాడు, "అల్లుడోళ్లు ఆయన సంతతని నీకు తెలుసునా అత్తా?"

"పెండ్లి నాటి పొద్దున తెలిసింది. మొగపెండ్లోళ్లలో ఒకాయప్ప గోడకవతల చెప్పుకుంటాండె, మా తాత ఈరన్న, పెనుకొండ నుంచి వచ్చినాడని. నాకు పై ప్రాణం పైన్నే పాయ."

"మరి చెప్పొద్దా!"

"ఎట్ల చెప్పేది? శుభం జరిగే చోటికి ముందుకు రావద్దత్తా అని నన్ను వెనకింట్లో కూచోబెట్టింది నువ్వు కాదూ? నీ పెండ్లాం ఆదిలక్ష్మిని రెండుసార్లు పిలిస్తి. విస్తరాకు ముందర పెట్టి, తిను అత్తా, మళ్లొస్తానని పాయ. వచ్చేలోపల మేళం మోగిపాయ. మూడు ముళ్లు పడినాంక నోరు తెరిచి ఆ పిల్ల కొంప కూల్చమంటావా?"

గంగాధర తల బాదుకున్నాడు. ఎవరిని తిట్టేది? ఆ మాటన్నది తన నోరే. కాసేపటికి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. "అత్తా, బావమరిది అని చెప్పు. నీకు పుణ్యముంటాది."

"పుణ్యం కాదులేరా, పాపమే. అయినా చెప్తా. ఈ వయసులో నాకేం భయం?" అనింది దాసమ్మ.

అమావాస్య నాడు హిందూపురంలో పెద్దలు కూచున్నారు. దాసమ్మ కొంగు తల నిండా కప్పుకొని లేచి, "ఈరన్న మా అమ్మ తమ్ముడు. నాకు మేనమామ" అనింది, గొంతు వణకకుండా. అంతలో కులపెద్ద చెయ్యెత్తినాడు.

"కూచో పెద్దమ్మా. మొగుడు పోయిన మనిషి సాక్ష్యం ఈ సభలో పట్టేది లేదు. మొగోళ్లెవరన్నా ఉంటే పిలువు గంగాధరా."

మొగోళ్లు యాడుండారు? అందరూ పోయి మట్టిలో కలిసినారు. నిజం చెప్పేదానికీ పనికిరాలేదు, అబద్ధానికీ పనికిరాలేదు ఆ ముసల్ది. పొద్దు గూకక ముందే తీర్పైపోయింది. బిడ్డ పాలు మరిచే దాకా తల్లి దగ్గర, ఆ తర్వాత తండ్రి ఇంట్లో.

చౌడేశ్వరి బిడ్డతో ధర్మవరం వచ్చేసింది. నెల గడిచింది. ఆమె ఏడవలేదు, కుళ్ళాయప్ప వస్తాడనే నమ్మింది. పెద్దలు మూడు రోజులు అరిచి మరిచిపోతారు, ఆయప్ప మాత్రం నన్ను విడవడని తల్లితో ఊరికే అంటాండె. గంగాధర వింటా మగ్గం మీద నాడె ఆడిస్తాండె, అవునని అనలేడు, కాదనలేడు.

ఒకనాడు నడి పగలు వాకిట్లో చెప్పుల చప్పుడైంది. కుళ్ళాయప్పే! చిక్కి సగమైనాడు. లోపల నుంచి చౌడేశ్వరి బిడ్డనెత్తుకొని, తల సర్దుకుంటా, పరుగున గడప దాకా వచ్చింది.

కుళ్ళాయప్ప ఆమె వైపు చూడలేదు. తల దించుకొని, "పెదనాయనా, బిడ్డను ఒకసారి చూసి పోతా" అన్నాడు.

చౌడేశ్వరి గడపలోనే నిలిచిపాయ. బిడ్డను తన నాయన చేతుల్లో పెట్టి లోపలికి పోయింది.

గంగాధర బిడ్డనెత్తుకొని వాకిట్లోకి పోయినాడు. "మామా అనప్పా" అన్నాడు మెల్లగా. "లోపల నా కూతురికి వినపడేటట్టు ఒక్కసారి మామా అను. నీకు దండం పెడతా."

కుళ్ళాయప్ప బిడ్డ కాళ్లు పట్టుకొని చూస్తా నిలబడినాడు. అనలేదు.