టీ రంగు నీళ్లు

అమీర్‌పేటలో పంపు నీళ్లు సరిగ్గా రాని ఎండాకాలమది. ఫఖ్రున్నీసా వాకిట్లోని బావే ఆమెకూ, పక్క వాటాలో అద్దెకున్న వసుమతి కుటుంబానికీ దిక్కు. ఏళ్ల తరబడి బాదం ఆకులు రాలి కుళ్లడంతో నీళ్లు పలచటి టీ రంగులో ఉండేవి. వసుమతి పంజాగుట్టలో నీటి పరీక్షల ఆఫీసులో పనిచేసేది. ఆ రంగుతో హాని లేదని ఎంత చదివినా, చంకన పసిపిల్ల ఉన్నాక ఆ రంగు చూస్తే ఆమెకు మనసొప్పలేదు. బావి బాగుచేయించకపోతే మధురానగర్‌లో ఇల్లు చూసుకుంటామని మెల్లగానే చెప్పింది.

వీళ్లూ పోతారా అనుకుంది ఫఖ్రున్నీసా. చెల్లెలు అన్వరీ సరిహద్దు దాటి పోయింది. భర్త మట్టిలో కలిసిపోయాడు. వాటాలోకి వచ్చినవాళ్లంతా, కాస్త అలవాటయ్యాక, వెళ్లిపోయినవాళ్లే. మరునాడే బావుల్లో పూడిక తీసే రాజనర్సయ్యను పిలిపించి నీళ్లన్నీ తోడించింది, అడుగున పేరుకున్న నల్లటి ఆకుబురద తీయించింది. కొత్త ఊట తేటగా ఊరింది. దోమపిల్లల్ని తినడానికి బావిలో పెంచే చేపల్ని, ముందే తీసి ఉంచిన తొట్టిలోంచి తెచ్చి మళ్లీ వదిలారు.

ఇక ఏటా చేసే పని ఒకటి మిగిలింది. పాచి పట్టకుండా మైలుతుత్తం మూటగట్టి బావిలో ముంచడం. ఎప్పుడూ వేసేంతే వేసింది. తెల్లారి చూస్తే చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి.

తీసి పారేస్తే ఎవరికీ తెలియదు. అందుకే జల్లెడ కూడా తెచ్చుకుంది. ఇంతలో వసుమతి బిందెతో వచ్చింది. ముసలామె చెయ్యి దానంతటదే బిందెకు అడ్డం పడింది.

"జర ఆగు బిడ్డా. తోడకు. చేపలు సచ్చినయి."

వసుమతి సీసాలో నీళ్లు పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. సాయంత్రం వచ్చి అరుగు మీద కూలబడింది.

"తుత్తంలో ఉండేది రాగే కదా పిన్నిగారూ. ఆకులు కుళ్లి దిగిన ఆ రంగే ఇన్నాళ్లూ రాగిని పట్టి ఉంచింది, చేపల ఒంటికి పట్టనివ్వలేదు. దాన్ని తోడి పారబోయించింది నేనే."

చేపలు తట్టుకోలేనిది మనుషులు తట్టుకుంటారనీ, ఇంకోసారి తోడిస్తే సరిపోతుందనీ ఆఫీసులో అన్నారట. మరి పిల్లకు తాపుతావా అని ఫఖ్రున్నీసా అడిగింది. వసుమతి పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"వేరే ఇంటికి పో బిడ్డా, నేనే చెప్తున్న. గీ పిల్ల దగ్గినా నా బావి వల్లనే అనుకుంట. గా ఫికర్ మోసే ఓపిక నాకు లేదు."

ఆదివారం వసుమతి వాళ్ల సామానుకు రిక్షా వచ్చింది. వాళ్ల మంచం గేటులోంచి దూరడం లేదని ఫఖ్రున్నీసా రెండో రెక్క కూడా తీసి, వాళ్లు దాటేదాకా పట్టుకుని నిలబడింది.