ఓబులేసు కుడికాలు

నేను ఒక బ్రేకు పెడల్‌ను. బస్సుదో లారీదో కాదు, కంప్యూటరు తెర మీద పరిగెత్తే రేసు కారుకు నేల మీద బిగించిన బ్రేకును. తెర మీది కారు ఉత్తుత్తిదే గానీ నేను మాత్రం అసలైన ఇనుమును. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను, తర్వాత మాట రాకుండా. నాకు మనుషుల మీద నమ్మకం లేదు. నేనుండేది నేలకు జానెడు ఎత్తులో. ముఖాలు కనిపించవు. పాదాలు కనిపిస్తాయి, వాటి బరువు తెలుస్తుంది, పైన మాట్లాడుకునే మాటలు వినిపిస్తాయి. పైన మాటకూ కింద పాదానికీ పొంతన కుదరగా నేను చూసింది బహు తక్కువ.

నన్ను ఏదో చలిదేశంలో తయారు చేశారు. మామూలు పెడల్ తాను ఎంత కిందికి దిగిందో చెబుతుంది. నేను అలా కాదు. నా మీద ఎంత బరువు పడిందో చెబుతాను. నేను చెప్పింది తెర మీద ఎర్ర గీతగా పడుతుంది. తొక్కితే గీత పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఫ్యాక్టరీలో ఒక యంత్రం చేత నన్ను కొన్ని వేలసార్లు తొక్కించి, పరీక్ష పాసైందని చీటీ అంటించి పంపారు. నన్ను తొక్కబోయేవాళ్లకు ఎవరు పరీక్ష పెట్టారో నాకు తెలియదు. ఎవరూ పెట్టలేదనే నా అనుమానం.

మొదట నన్ను కొన్నవాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పేరు ప్రద్యుమ్న. సర్క్యూట్ చుట్టూ తిరిగే ఒక్కో చుట్టులో, అదే ల్యాపులో, ఒక్క అర సెకను తగ్గించుకోవాలని అతని తాపత్రయం. సర్క్యూట్ మీద వేగంగా తిరగాలంటే యాక్సిలరేటర్ తొక్కాలనుకుంటారు అందరూ. అది కాదు. మలుపు రాకముందే, కారు తిన్నగా ఉండగానే నన్ను గట్టిగా తొక్కాలి. స్టీరింగు తిప్పడం మొదలుపెట్టగానే కొంచెం కొంచెంగా వదలాలి, నిండు బిందె దించినట్టు. అలా వదలడం చేతనైనవాడి కారు మలుపులోకి ఒద్దికగా వంగుతుంది. ప్రద్యుమ్నకు తొక్కడం తెలుసు, వదలడం తెలియదు. ఒక్కసారిగా కాలు ఎత్తేసేవాడు. కారు గిర్రున తిరిగి గడ్డిలో పడేది. ‘ఈ బ్రేకే వేస్టు’ అనేవాడు. ఏడాది పాటు నన్ను తిట్టి, ఆఖరికి సీటుతో, స్టీరింగుతో సహా అమ్మేశాడు. అమ్మేటప్పుడు మాత్రం ‘బ్రేకు అద్భుతంగా పనిచేస్తుంది’ అని రాశాడు. అదిగో, మనిషంటే అది.

కొన్నది కడపలో షాహిదా. ఇంజనీరింగు చదివి, అన్నదమ్ముల సైకిల్ షాపు పైన ఒక గది తీసుకుని, గేమింగ్ సెంటరు పెట్టుకుంది. ఆమె పాదం నాకు నచ్చింది, తేలికైన పాదం. ఆమెకూ నాలాగే అనుమానం ఎక్కువ. వచ్చినవాడు హెడ్‌ఫోను జేబులో వేసుకుపోతాడేమోనని ఒక కన్ను వేసే ఉంచుతుంది. అందుకే ఆమెతో నాకు కుదిరింది.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం ఓబులేసు వచ్చాడు. యాభై ఐదేళ్ల మనిషి. కాలేజీ పిల్లల షూల మధ్య అరిగిన తోలు చెప్పులు. ఆట ఏమీ అడగలేదు.

“ఏం పాపా, ఈ బ్రేకు ఎంత తొక్కినామో లెక్క చూపిస్తాదంట గదా?” అన్నాడు.

“చూపిస్తాది మామా. నీకెందుకు?”

“ఊరికేలే.”

ఊరికే ఎవరైనా అలాంటి ప్రశ్న అడుగుతారా? ఇంటి ఓనరు పంపిన మనిషేమో, కరెంటు ఎంత కాలుతోందో చూసిపోవడానికి వచ్చాడేమోనని షాహిదాకు అనుమానం. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది కాబట్టి ఏసీ కోసం వచ్చాడని నాకు అనుమానం. మరునాడూ వచ్చాడు, ఆ మరునాడూ వచ్చాడు. సీట్లో కూర్చుని, కుడికాలు నా మీద పెట్టి, తొక్కి, గీత చూసి, మళ్లీ తొక్కి, మళ్లీ చూసేవాడు. ఈ ఆటల్లో బ్రేకుకు ఎడమకాలు వాడితే సులువని షాహిదా చెప్పింది. వినలేదు. కుడికాలే కావాలట. ఇదెక్కడి పంతం? ఈ మనిషి కారు నడపడానికి రాలేదు, నా దగ్గర ఏదో కూపీ లాగడానికి వచ్చాడనుకున్నాను.

నాలుగో రోజు ఒక్క చెప్పుతో వచ్చాడు. కుడికాలి చెప్పు మెట్ల మీదే జారిపోయింది. ఆ సంగతి షాహిదా చెప్పేదాకా ఆయనకు తెలియదు.

“పాత చెప్పుమా, వదులైపోయింది” అంటూ నవ్వాడు.

షాహిదా నవ్వలేదు. తలుపు దగ్గరికి వేసి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

“మామా, నిజం చెప్పు. నువ్వెవరు, ఈడికి ఎందుకు వస్తాండావు?”

అప్పుడు చెప్పాడు. స్కూలు బస్సు డ్రైవరు. ఇరవై ఏడేళ్ల సర్వీసు, అందులో పదకొండేళ్లు ఈ స్కూలుకే. ఏప్రిల్ ఆఖర్లో, పిల్లలందరూ దిగిపోయాక, బస్సు ఆగకుండా మెల్లగా పోయి స్కూలు గేటు దిమ్మెకు తగిలింది.

“బ్రేకు పట్టలేదని చెప్పినా. మెకానిక్ వచ్చి చూసినాడు. బ్రేకు శుభ్రంగా ఉండాది అన్యాడు. అప్పట్నించి ఇదే అనుమానం పాపా, బ్రేకుదా, నా కాలుదా అని. షుగరు వచ్చి పద్నాలుగేండ్లాయ. పాదం కొంచెం మొద్దుబారినట్టుంటాది అప్పుడప్పుడు.”

“డాక్టరు దగ్గరికి పోవాల గాని మామా, నా దగ్గరికి వస్తే ఎట్ల?”

“డాక్టరు దగ్గరికి పోతే కాలు పనికిరాదని రాసిచ్చేస్తాడు. రాసిచ్చినాక నాకు బండి ఎవురిస్తారు? జూన్ పదమూడుకు స్కూలు తెరుస్తారు. ఈలోపల నా కాలు బాగుండాదని నాకు నమ్మకం కుదరాల. అంతే.”

షాహిదా మనసు కరిగింది. మనసు కరిగినప్పుడు మనుషులు నోటికొచ్చింది చెప్పేస్తారు.

“సరే మామా. ఈ సర్క్యూట్ ఒక ల్యాపు రెండు నిమిషాల లోపు తిప్పు చూద్దాం. కాలు బాగలేనోడు తిప్పలేడు. తిప్పినావంటే నీ కాలు బాగున్నట్టే.”

ఆమె ధైర్యం చెబుదామని అన్నది. ఆయన దాన్ని డాక్టరు చీటీలా జేబులో పెట్టుకున్నాడు.

మొదటి రోజు రెండు నిమిషాల ఇరవై ఆరు సెకన్లు. ‘ఇంత మెల్లగానా’ అని వెనకనున్న కుర్రకారు ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వినవాళ్లు వారం తర్వాత నోళ్లు మూసుకున్నారు. మలుపును చదవడం ఓబులేసుకు వెన్నతో పెట్టిన విద్య. ఎక్కడ లోపలికి రావాలో, ఎక్కడ బయటికి వదలాలో ఒక్కసారి చూస్తే చాలు. రెండు పదిహేను అయింది. రెండు తొమ్మిది అయింది. మలుపు ఇంకో వంద మీటర్లుందని చెప్పే బోర్డులన్నీ బట్టీపట్టాడు. బోర్డు రాగానే తొక్కి, పైకే “ఒకటీ, రెండూ, మూడూ” అని లెక్కపెట్టి వదిలేవాడు. రెండు నాలుగు అయింది.

అందరూ మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది. ఆ కాలు నా మీదికి పాదంలా రావడం లేదు, రోకలిలా వస్తోంది. మడమ ఆనడం లేదు, వేళ్లు కదలడం లేదు, తొడ దగ్గరి నుంచి కాలంతా ఒక్క ముక్కగా దిగుతోంది. పది ల్యాపుల ఎర్ర గీతల్ని ఒకదాని మీద ఒకటి పెడితే ఒకే గీతలా ఉన్నాయి.

“అబ్బ, మిషన్ మాదిరి తొక్కుతాండావు మామా!” అంది షాహిదా.

నా భయమూ అదే. ప్రాణమున్న పాదం ఒకసారి తొక్కినట్టు ఇంకోసారి తొక్కదు. జారుతుంది, తడబడుతుంది, సర్దుకుంటుంది. ఈ పాదం ఏదీ సర్దుకోవడం లేదు. ఆయన కళ్లు బోర్డును చూస్తున్నాయి, నోరు లెక్కపెడుతోంది, తొడ ఆ లెక్క ప్రకారం దిగుతోంది. సర్క్యూట్‌లో ప్రతి మలుపూ ప్రతిసారీ అక్కడే ఉంటుంది కాబట్టి సరిపోతోంది. ఈ సంగతి చెబుదామంటే నాకు నోరేదీ? ఉన్నది ఒక్క ఎర్ర గీత. ఆ గీతేమో ఆయన్ను మెచ్చుకుంటున్నట్టే ఉంది.

జూన్ తొమ్మిదిన, ఒక నిమిషం యాభై తొమ్మిది పాయింట్ ఆరు సెకన్లు.

గదంతా ఈలలు. ఓబులేసు సీట్లోంచి లేవలేదు. స్టీరింగు మీద తల ఆనించినట్టున్నాడు, “సామీ, బతికిస్తివి” అన్న మాట పైనుంచి వినిపించింది. మరునాడు బాదుషాల డబ్బా తెచ్చి పేరుపేరునా అందరికీ పెట్టాడు. తాను ముట్టలేదు. “పదమూడో తేదీ పొద్దున ఏడుకంతా బండి తీస్తాండా” అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. ఆ సంతోషం విని నా అనుమానానికి నాకే సిగ్గనిపించింది. నేను పొరబడ్డానేమో, ముసలి కాళ్లు ఇలాగే ఉంటాయేమో అనుకున్నాను. అలా అనుకోవాలనే కోరుకున్నాను.

“ఈరోజు టైము చూడొద్దు మామా, ఊరికే ఆడు. కంప్యూటరు నడిపే కార్లు ఇంకో పది వదులుతా, తోడుంటాయి” అంది షాహిదా.

ఆడాడు. రెండో ల్యాపులో, పొడవాటి తిన్నని దారిలో, బ్రేకుతో పనే లేనిచోట, ముందు పోతున్న పసుపు కారు ఒకటి ఉన్నట్టుండి తిరిగి అడ్డంగా నిలబడింది.

“అరె, అరె!” అని ఓబులేసు కేక. సీటు అదిరింది. కాలు లేచింది. నేను బరువు కోసం ఎదురుచూశాను.

రాలేదు. నా పక్కనున్న యాక్సిలరేటర్ నేలదాకా దిగిపోయింది. తెర మీద పసుపు కారు ముక్కలైంది.

“బ్రేకు పట్టలా! చూసినావా పాపా, ఎంత తొక్కినా పట్టలా!”

గదిలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. షాహిదా నవ్వలేదు. ఆ క్షణం తాలూకు గీతలు తెర మీదికి తెచ్చింది. ఎర్ర గీత లేవనే లేదు. యాక్సిలరేటర్ ఆకుపచ్చ గీత పైకప్పు తాకుతోంది. తర్వాత ఆరోజుకు సెంటరు మూస్తున్నానని చెప్పి అందర్నీ పంపించేసింది.

“మామా, కండ్లు మూసుకో. నేను చెప్పినప్పుడు బ్రేకు సగం తొక్కు.”

మూసుకున్నాడు. తొక్కాడు. నా లోపలి ఉక్కు కిర్రుమంది. అది సగం కాదు, ఆయన ఒంట్లో ఉన్న బలమంతా.

“సగమేనా మామా?”

“సగమేమా.”

“సరే. కాలు తీసి మళ్లీ పెట్టు. కండ్లు తెరవద్దు.”

కాలు తీశాడు. మళ్లీ దించాడు. అది నాకూ యాక్సిలరేటర్‌కూ మధ్య, ఉత్త రేకు మీద దిగింది.

“బ్రేకు మీద ఉండాదా?”

“ఉండాది.”

“తొక్కు.”

“తొక్కుతాండాగా.”

తొడ బిగుసుకుంది. రేకు మూలిగింది. నా మీద గాలి తప్ప ఏమీ లేదు. మనుషుల్ని నమ్మనిదాన్ని, ఎవరి గురించీ ఏమీ కోరుకోనిదాన్ని, ఆ క్షణంలో రెండంగుళాలు పక్కకు జరిగి ఆ పాదం కిందికి చేరాలని కొట్టుకులాడాను. బోల్టులతో బిగించిన ఇనుమును, ఎక్కడికి జరుగుతాను?

“ఎంత లేసింది పాపా గీత?” అని కళ్లు మూసుకునే అడిగాడు.

“నువ్వే చూడు మామా” అంది షాహిదా.

ఓబులేసు కళ్లు తెరిచి తెర వంక చూసినట్టున్నాడు. తర్వాత నెమ్మదిగా వంగి కిందికి చూశాడు. ఆయన ముఖం నేను చూడడం అదే మొదలు. నెరిసిన మీసం, ఎండకు నల్లబడ్డ నుదురు. తన పాదాన్ని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని ఎత్తి, పక్కకు పెట్టాడు.

“నాదే తప్పు మామా” అని ఏడ్చేసింది షాహిదా. “రెండు నిమిషాలని ఉత్తపుణ్యానికి నేనే చెప్పినా.”

“నువ్వేం చేస్తావుమా. నాకు కావాల్సిన మాట నువ్వు చెప్పినావు, నేను గట్టిగా పట్టుకున్యా.”

జేబులోంచి ఫోను తీశాడు. నంబరు వెతకడానికి చాలాసేపు పట్టింది.

“నమస్తే సార్, ఓబులేసును. పదమూడుకు బండికి ఇంకో డ్రైవర్ని చూసుకోండి సార్. లేదు సార్, జీతం గురించి కాదు. కాలు సార్. నాకు కాలు తెలియడం లేదు. గేటు కాడ కూడా బ్రేకు కాదు, నేనే. లేదు సార్, డాక్టరు చెప్పలా, నేనే చూసుకున్యా. రేపు పోతా డాక్టరు దగ్గరికి. సరే సార్. సార్, సార్, పెట్టేయద్దండి, ఒక్క మాట. కొత్తాయనకు చెప్పండి, మూడో స్టాపు పాలకేంద్రం కాడ ఒక పాప ఉంటాది. బండి ఆగకముందే ఎదురు పరిగెత్తుకోనొస్తాది. బాగా పొట్టిది సార్, అద్దంలో కనపడదు. ఆడ ముందుగానే బ్రేకు మీద కాలు పెట్టుకోమనండి.”

అవతలివాళ్లు ఏదో అడిగారు.

“మోక్షిత సార్. రెండో తరగతి.”