ఒక పోగు బాకీ

నేను ఒక నాడెను. మగ్గం మీద పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తి చీర నేసే నాడెనే కానీ, కట్టెతో చేసినదాన్ని కాను. కంప్యూటర్ తెర మీద గీసిన బొమ్మను. మూడేళ్ళుగా నాదొకటే సందేహం. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మరి నన్ను నడిపేది ఎవరి ఆజ్ఞ?

నన్ను గీసింది చీరాల అమ్మాయి భానురేఖ, నేత ఆట కోసం. ‘ఎడమ నుంచి కుడికి, అర సెకనులో’ అని కోడ్ రాసింది. కంప్యూటర్ నన్ను సెకనుకు అరవై సార్లు చెరిపి, కాస్త పక్కగా మళ్ళీ గీస్తుంది. చూసేవాళ్ళు దాన్ని పరుగు అంటారు. మనుషుల్ని నమ్మించడానికి ఆ మాత్రం చాలు.

నమ్మనివాడు ఒక్కడే, ఆమె పెదనాన్న నాగవీరయ్య. నలభై ఏళ్ళు నేసిన మనిషి. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. చిన్నప్పుడు ఆమె మారాం చేస్తే ఆయన ఒక్కసారి నాడె వేయనిచ్చి, "ఇది అప్పే పిల్లా! నువ్వు నాకు ఒక పోగు బాకీ" అన్నాడట. ఆయన చేత మళ్ళీ ఆ పోగు వేయించాలనే ఈ ఆటంతా.

మంచం పక్కన తెర పెట్టి చూపించింది. ఆయన మొహం చిట్లించాడు.

"తొక్కకుండానే నాడె వేశావేమే? పడుగు విడకుండా అది ఎట్టా పోద్ది? దారాలన్నీ తెగినియ్యి పో."

"తెరలో దారాలు తెగవు పెదనాన్నా."

"తెగకపోతే మగ్గమెందుకవుద్ది? క్యారమ్ బోర్డు."

ఆమె మొహం చిన్నబోయింది. అయినా అక్కడే నేల మీద కూర్చుని కోడ్ తిరగరాసింది. ముందు కాలి తొక్కుడు, దానితో పడుగు దారాలు పైకీ కిందికీ విడాలి, ఆ తర్వాతే నేను. తొందరపడితే దారం తెగాలి. ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, తొక్కుడుకొకటి, నాకొకటి అని రెండు మీటలు చూపించి, ఆయన ఎడమచేతిని వాటి మీద పెట్టింది.

ఆయన మొదటి మీట నొక్కాడు. పడుగు విడింది. ఆజ్ఞ రాసే ఉంది, దారి తెరిచే ఉంది. అయినా నేను కదల్లేదు. మంచం దిగువన ఆయన ఎడమకాలు నేలను తొక్కింది. అప్పుడు రెండో మీట మీద వేలు పడింది.

వెళ్ళాను. ఒక్క దారమూ తెగలేదు. రాసినదీ నొక్కినదీ కలిస్తేనే నా నడక అని ఆ పూట తెలిసింది.

నాగవీరయ్య నేసిన ఆ ఒక్క పోగును చాలాసేపు చూశాడు.

"చెల్లిందే పిల్లా," అన్నాడు.