కడవరి దినం దాకా గ్యారంటీ

“అమ్మా, మేం మిషన్ నుంచి వచ్చామండీ,” అన్నాను.

నాలుగో అంతస్తు. ఆ రోజు తట్టిన ముప్ఫై ఒకటో తలుపు. ముప్ఫై రకాల ‘వద్దు’లు విన్నాక, మూసేలోగా చెప్పేసి పోదామనే తొందరలో అన్న మాట అది. ఆవిడ మూయలేదు. మెడలో కొలతల టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. సూదులు తీసి చేత్తో పట్టుకుని, “ఇప్పుడా రావడం!” అని అరిచింది. “కబురుపెట్టి పదకొండు రోజులైంది. రండి, రండి. బూట్లా? పర్లేదు, బూట్లతోనే రండి. పాదం కిందికి దిగట్లేదు, ఒళ్ళంతా ఒకటే వణుకు. ఇవాళో రేపో అన్నట్టుంది.”

నేనూ నా జోడీ మొహాలు చూసుకున్నాం. పాదం దిగకపోవడం, ఒళ్ళు వణకడం... ఇంట్లో ఎవరో ముసలాయనకి పక్షవాతం, ప్రార్థన చేయమంటోంది అనుకున్నాం. మావాడైతే గుమ్మంలోనే చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, తల వంచేశాడు. ఆ వంచిన తలతో వెళ్ళి గోడకి కొట్టుకున్నాడు.

లోపల మంచమూ లేదు, ముసలాయనా లేడు. కిటికీ పక్కన కుట్టుమిషనుంది.

నేనెవరో చెప్పాలి కదా. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. మా మోర్మన్ క్రైస్తవ సంఘంలో ఆ వయసు మగపిల్లలు రెండేళ్ళపాటు ఇల్లు వదిలి, ఎక్కడికి పంపితే అక్కడికెళ్ళి, తెల్లచొక్కా మీద టై బిగించి, ఇంటింటికీ తిరిగి దేవుడి మాట చెప్పాలి. గుండెల మీద నల్లబిళ్ళ, దాని మీద ‘ఎల్డర్’ అని ఉంటుంది. ఎల్డర్ అంటే పెద్ద. మీసం పూర్తిగా రాకముందే పెద్దనైపోయాను. బిళ్ళకి వచ్చిన పెద్దరికం బిడ్డకి రాలేదని మా అమ్మ అనేది.

ఇంటికి రెండు రోజుల బస్సు ప్రయాణమంత దూరంలో నన్ను దింపారు. నాలుగు నెలలైంది. తలుపులు తట్టీ తట్టీ వేళ్ళు కాయలు కాశాయి గానీ, చెప్పడానికి కొత్త మాట ఒక్కటీ తట్టలేదు. చిన్నప్పుడు నాకొచ్చిన తట్టే నయం, వారంలో పోయింది. ఇది రెండేళ్ళు! కూర్చుంటే మోకాలు ఊగేది, నిలబడితే మడమ ఊగేది, పడుకుంటే మంచం ఊగేది. నన్ను ‘కుదురు లేని కుండ’ అని పిలిచేది మా అమ్మ. ఆ కుండ ఇప్పుడు దొర్లుకుంటూ ఇల్లు చేరాలని చూస్తోంది. చొక్కా జేబులో, సరిగ్గా బిళ్ళ వెనక, నాలుగు మడతల ఉత్తరం ఉంది: ‘అయ్యా, నా వల్ల కాదు, నన్ను ఇంటికి పంపేయండి.’ శనివారం పొద్దున, మాలాంటి కుర్రాళ్ళందరినీ చూసుకునే మా అధ్యక్షుడుగారు మా గదికి వచ్చి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. అప్పుడు చేతికివ్వాలని. ఇవాళ సోమవారం.

ఇక నా జోడీ. మాలో ఎవరూ ఒంటరిగా తిరగకూడదు. ఇద్దరిద్దరే. ఒకడు ఇంకొకడికి కనబడాలి, ఒకడి మాట ఇంకొకడికి వినబడాలి. స్నానాలగదికి తప్ప మినహాయింపు లేదు. మొగుడూ పెళ్ళాలైనా అలిగి పుట్టింటికి పోవచ్చు, మాకు అలగడానికి కూడా ఇద్దరం కలిసే వెళ్ళాలి. మావాడు పొడుగు, సన్నం, నిటారు. నోరు తెరిస్తే రూలు. అందుకని రూళ్ళకర్ర అని పేరు పెట్టాను. కోపం తెచ్చుకోలేదు. “పేరు పెట్టకూడదని రూలేం లేదులే,” అన్నాడు.

“చెప్పు,” అని గొణిగాడు రూళ్ళకర్ర, కుట్టుమిషను చూడగానే. “మనం ఆ మిషన్ కాదని చెప్పు.”

చెబుదామనే నోరు తెరిచాను. కానీ అప్పటికే చెయ్యి చక్రం మీదుంది. మా అమ్మ టైలరు. నేను పాకడం నేర్చుకుంది ఆవిడ మిషను కింద. మూత విప్పితే లోపల ఎలుక కాపురం పెట్టినంత నూగు. సూది తిరగేసి బిగించి ఉంది. నూగు పీకి, సూది సరిచేసి, నాలుగు చుక్కలు నూనె వేసి తొక్కాను. టకటకటకా పరిగెత్తింది. అదేం చిత్రమో, మిషను ఊగుతుంటే నా మోకాలు ఊగడం మానేసింది.

“నీ చెయ్యి చల్లగుండ!” అంది టైలరక్క. ఆ పూటే ఆవిడ నాకు అక్కయ్యింది. “ఉండండి, టీ పెడతాను.”

“టీ తాగమక్కా.”

“కాఫీ?”

“అదీ తాగం.” మా సంఘంలో రెండూ నిషేధం.

“టీ వద్దనే మెకానిక్కుని నా జన్మలో చూళ్ళేదు,” అని దగ్గరికొచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, నా బిళ్ళ చదవబోయింది. మా సంఘం పేరు రైలంత పొడుగు. ఇంజనూ గార్డుపెట్టె వదిలేసి మధ్య పెట్టె ఒక్కటే ఆవిడకి కనబడింది. “కడవరి... దిన... ఓహో! కడవరి దినం దాకా గ్యారంటీనా? కంపెనీ అంటే ఇలా ఉండాలి.”

రూళ్ళకర్ర నోరు తెరిచాడు. నేను వాడి కాలు తొక్కాను.

“అలాంటిదేనక్కా,” అన్నాను.

కిందికి దిగుతుంటే వాడు, “అలాంటిదే అంటే ఎలాంటిది?” అన్నాడు.

“రేపు చెప్పేద్దాంలే.”

రేపటికి కబురు మమ్మల్ని దాటిపోయింది. టైలరక్క ఆడపడుచు వెనకవీధిలో ఒక కుట్టుగదిలో పని చేస్తుంది. స్కూలు యూనిఫారాలు కుట్టే పొడుగాటి గది, కిటికీలు ఒకవైపే, పైన దుమ్ముపట్టిన ట్యూబులైట్లు, తొమ్మిది మిషన్లు. ఆవిడ పని గుడ్డలు కత్తిరించడం. నాలుకా అదే పని చేస్తుంది కనక గదిలో అందరూ ఆవిడని కత్తెర అంటారు.

“వచ్చారా అల్లుళ్ళు!” అంది కత్తెర మమ్మల్ని చూసి. “టై కట్టుకున్న మెకానిక్కులు. నూనె పోయడానికొచ్చారా, నూరిపోయడానికొచ్చారా?”

రూళ్ళకర్ర మొహం వెలిగింది. “నిజానికి మేం నూరిపోయడానికే—”

“నూనె, నూనె!” అని అడ్డుపడ్డాను.

మంగళ, బుధ, గురు, శుక్ర. రోజూ పొద్దున తలుపులు, మధ్యాహ్నం మిషన్లు. పొద్దుటి పూట నిమిషం గంట, మధ్యాహ్నం గంట నిమిషం. ఎనిమిది మిషన్లు ఒకదాని వెనక ఒకటి దారికొచ్చాయి. గోడవారనున్న తొమ్మిదోది మాత్రం లొంగలేదు. లోపలంతా బాగానే ఉంది, కుడుతుంది కూడా. కుట్టినంతసేపూ గడగడలాడుతుంది. అచ్చం నా వాలకమే. నన్ను వదిలి పోలేడు కనక రూళ్ళకర్ర ఓ స్టూలు మీద కూర్చునేవాడు. ఊరికే కూర్చోకూడదని రూలు, అందుకని గుండీలు కుట్టడం మొదలెట్టాడు. ప్రతి గుండీకీ ఒకసారి నావైపు చూసేవాడు. చెప్పవా, అని. నేను సూదివైపు చూసేవాణ్ణి.

ఎందుకు చెప్పలేదంటే, ఇది నాలుగు నెలల్లో నన్ను లోపలికి పిలిచిన ఒకే ఒక్క గది. చెబితే ఇదీ ముప్ఫై రెండో తలుపవుతుంది.

శుక్రవారం బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాను. “చక్రంలో పడుతుందని,” అన్నాను ఎవరూ అడక్కుండానే.

ఆ సాయంత్రం గదిలో రూళ్ళకర్ర అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు. “బిళ్ళ పెట్టుకుని దేవుడి పని చెయ్యకపోయినా ఫరవాలేదు. బిళ్ళ తీసి ఈ మిషను పని చేస్తే అది దొంగపనిలా ఉంది.”

“మిషను బాగుచెయ్యడం దొంగపనా?”

“బాగుచెయ్యడం కాదు. దాక్కోవడం. వాళ్ళు మనని నమ్మారు. రేపు అధ్యక్షుడుగారు వస్తారు, నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాలి, అది—”

“రూలు! తెలుసు! నీ రూళ్ళన్నీ కలిపి నిచ్చెన కట్టుకుని సరాసరి పైకెక్కిపో!”

పొద్దున వాడు స్నానానికి వెళ్ళాడు. చెంబు చప్పుడు వినబడుతోంది. తొమ్మిదికి అధ్యక్షుడుగారు వస్తారు. ఉత్తరమిస్తే ఎందుకని అడుగుతారు, కుట్టుగది సంగతి చెబితే ఇంకా అడుగుతారు. ఇవ్వనూ లేను, చెప్పనూ లేను. ఇక కాళ్ళు నన్ను అడగలేదు. సంచి భుజానేసుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగి, వీధి దాటి, మందులషాపు దాటి, బస్టాండు చేరాను. మా ఊరి బస్సు నిలబడి ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. మోకాలు ఊగుతోంది. బస్సే ఊగుతోందనుకున్నాను, ఇంజను ఇంకా వెయ్యలేదు.

బస్సులో ఒక్కసారిగా నవ్వులు. తలెత్తి చూశాను.

రూళ్ళకర్ర. తలమీద సబ్బునురగ కిరీటంలా ఉంది. చొక్కా తిరగేసి తొడిగాడు. తిరగేసిన చొక్కాకీ బిళ్ళ మాత్రం తిన్నగా పెట్టుకున్నాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి నా చెప్పు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“వెనక్కెళ్ళు,” అన్నాను.

“ఒక్కణ్ణే ఎలా వెళ్తాను?”

“ఈ బస్సు మా ఊరెళ్తుంది!”

“సరే.”

“సరే ఏంటి సరే! రెండు రోజులు పడుతుంది. నువ్వెందుకు మా ఊరికి?”

“నువ్వు దిగకపోతే నేను రావాలిగా.” కాసేపు ఆలోచించాడు. “మీ ఇంట్లో రెండు మంచాలున్నాయా? లేకపోతే కింద పడుకుంటాను. మీ అమ్మగారిని ఏమని పిలవాలి? అత్తయ్యా అంటే బావుంటుందా, పిన్నీ అంటే బావుంటుందా?”

ఎగతాళేమోనని మొహంలోకి చూశాను. వాడికి ఎగతాళి రాదు. కళ్ళు ఎర్రగా, నీళ్ళు ధారగా కారుతున్నాయి.

“ఏడుస్తున్నావా?”

“సబ్బు,” అన్నాడు. కాస్త ఆగి, “సబ్బే ఎక్కువ,” అన్నాడు.

నాలుగు నెలలుగా వీణ్ణి నా కాపలావాడనుకున్నాను. ఖైదీ పారిపోతుంటే సబ్బుతలతో ఖైదీవాళ్ళ ఊరికి బయల్దేరి, అక్కడ మంచాలెన్నో కనుక్కునే కాపలావాడు ఉంటాడా? బస్సు ఇంజను వేశారు. వాడు చేత్తో కళ్ళు రుద్దుకుంటున్నాడు. రుద్దినకొద్దీ మంట. ఈ వాలకంతో రెండు రోజులు కూర్చుంటాడు. ఒక్క మాట అనడు. కళ్ళు పోతాయి వెధవకి.

“లే,” అన్నాను.

“ఎక్కడికి?”

“కుళాయికి!”

బస్టాండు కుళాయి కింద వాడి తల పెట్టి కడుగుతుంటే మా వెనకనుంచి బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరం చూశాం. “మళ్ళీ రేపుంటుందట,” అన్నాడు వాడు నీళ్ళు కారుతూ, నన్ను ఓదార్చడానికి. నేను వాడి చొక్కా విప్పించి తిన్నగా తొడిగాను.

గదికొచ్చేసరికి తొమ్మిదింబావు. తాళం. పక్కింటాయన, “మీ పెద్దాయన వచ్చాడు. మిషన్ కుర్రాళ్ళా, కుట్టుగదిలో ఉంటారని పంపించాను,” అన్నాడు.

పరిగెత్తాం.

మా అధ్యక్షుడుగారు భారీ మనిషి. కుట్టుగది నడిమధ్య రూళ్ళకర్ర స్టూలు మీద కూర్చున్నారు, స్టూలు కనబడటం లేదు. చుట్టూ ఆడవాళ్ళు. అందరికంటే ముందు టైలరక్క.

“మీ మిషన్ పిల్లలొచ్చాక బాగుపడ్డాయండీ,” అంటోంది. “ఎన్నేళ్ళనుంచో పాడైపోయినవి! మాదొకటి, ఇక్కడ ఎనిమిది. మొత్తం తొమ్మిది!”

“తొమ్మిదా!” అధ్యక్షుడుగారు జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. ఒక్క వారంలో తొమ్మిది ఆత్మలు!

“లోపలంతా మురికండీ,” అంది కత్తెర. “మొత్తం కడిగేశాడు మీవాడు.”

“ఆహా, అలా కడిగించుకోవాలమ్మా! ఎంత వినయంగా ఒప్పుకుంటున్నారు!”

“ఒకటి మాత్రం ఇంకా వణుకుతూనే ఉంది.”

“పాపం. ఎవరమ్మా? ప్రార్థన చేద్దాం.”

నలుగురు పక్కకి జరిగి గోడవారనున్న తొమ్మిదో మిషను చూపించారు. అధ్యక్షుడుగారు దాన్నీ, దాని వెనక గోడనీ, మళ్ళీ దాన్నీ చూశారు. అప్పుడు ఆయన చూపు గుమ్మంలో నిలబడి వింటున్న మా మీద పడింది. ఒకడికి తల తడి, ఒక కాలికి చెప్పు. ఇంకొకడికి భుజాన సంచి.

“ఎల్డర్,” అన్నారు ఆయన నా సంచివైపు చూస్తూ, నెమ్మదిగా. “నాతో ఏదైనా మాట్లాడాలా?”

జేబులో చెయ్యి పెట్టాను. ఉత్తరమూ బిళ్ళా రెండూ కలిసి వచ్చాయి. రూళ్ళకర్ర నావైపు చూడలేదు, వినబడేంత దూరంలో నిలబడ్డాడు, అంతే. తొమ్మిదో మిషను దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. లోపల ఏ జబ్బూ లేదు దానికి. నేల ఎగుడుదిగుడు, ఒక కాలు గాల్లో ఉంది. నాలుగు మడతల ఉత్తరాన్ని ఇంకో మడత వేసి ఆ కాలి కింద దూర్చాను. సరిగ్గా సరిపోయింది. లేచి, బిళ్ళ చొక్కాకి పెట్టుకుని, మిషను తొక్కి చూపించాను. కుట్టింది గానీ వణకలేదు.

“అక్కా, అందరూ ఒక్క నిమిషం ఆపండి,” అన్నాను. మిషన్లన్నీ ఆగాయి. “మేం మిషన్ నుంచి వచ్చామంటే కుట్టుమిషను కంపెనీ నుంచి అని కాదు. మా సంఘం పంపిన మనుషులం. ఇంటింటికీ తిరిగి దేవుడి మాట చెప్పడం మా పని, దాన్నే మేం మిషన్ అంటాం. మొదటి రోజే మీరు పొరబడ్డారని తెలుసు. నేనే చెప్పలేదు. వీడు రోజూ చెప్పమన్నాడు. తప్పు నాది. అయ్యా, మీరనుకున్నట్టు బాగుపడింది తొమ్మిది ఆత్మలు కాదండీ. తొమ్మిది కుట్టుమిషన్లు. దీంతో పది.”

ట్యూబులైటు గుయ్యిమంటోంది. అధ్యక్షుడుగారు జేబురుమాలు మడిచి లోపల పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వని తెలియడానికి నాకు కాసేపు పట్టింది.

“అదా సంగతి!” అంది కత్తెర. “అందుకే టీ తాగరు.”

టైలరక్క నవ్వలేదు. కళ్ళజోడు ముక్కుమీదికి దించి, దగ్గరికొచ్చి, ఈసారి నా బిళ్ళని ఇంజను నుంచి గార్డుపెట్టె దాకా పూర్తిగా చదివింది.

“అయితే ఇది గ్యారంటీ కాదా?”

“గ్యారంటీయే అక్కా,” అన్నాను. “మిషన్లకి కాదు.”