స్పిరిట్‌తో తుడిచిన కిటికీ

అద్దాలాయనకు ముక్కు మీదే కోపం. వీధిలో సగం కిటికీలకు అద్దాలు బిగించిన మనిషి కదా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. కూతురు షెడ్డులో సొంతంగా జలాంతర్గామి కడుతుంటే, దాని కిటికీకి మందపాటి గాజే పెట్టాలని పట్టుబట్టాడు.

"గాజు చెప్పకుండా పగులుతుంది నాన్నా. అక్రిలిక్ అయితే ముందే వంగి, గీతలు పడి, పైకి రమ్మని హెచ్చరిస్తుంది," అంది కూతురు.

"ప్లాస్టిక్ ముక్కని నమ్మి నీళ్లలో దిగుతావా?"

"లోపల కూర్చునేది నేను. నమ్మకం కుదరాల్సింది నాకు."

ఆయన కొన్నాళ్లు అలిగి, తర్వాత తనే నాలుగు వేళ్ల మందం అక్రిలిక్ దిమ్మ తెచ్చాడు. బయటవైపు వెడల్పుగా, లోపలవైపు ఇరుకుగా వచ్చేలా అంచును ఏటవాలుగా చెక్కాడు. నీళ్లు నొక్కేకొద్దీ అది గూట్లో ఇంకా బిగుసుకుంటుంది. లోపల మనిషి లేకుండా జలాంతర్గామిని చెరువులో దింపి చూస్తే చుక్క నీరు రాలేదు. ఇక ఆయన్ను పట్టలేకపోయారు. కూతురు దిగే రోజున వీధి వీధంతటినీ వెంటేసుకొచ్చాడు.

గట్టు మీద అందరూ చూస్తుండగా కూతురు టార్చి తీసి కిటికీ అంచుకు పక్కనుంచి వెలుగు వేసింది. లోపల సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు తళుక్కుమన్నాయి.

"నాన్నా, దీన్ని దేంతో తుడిచావు?"

అద్దాలాయన గట్టు మీది జనం వైపు చూశాడు. నీళ్లతోనేనని అనేయొచ్చు, వీధిలో పరువు నిలుస్తుంది. కానీ దిగేది కూతురు.

"పొద్దున స్పిరిట్‌తో తుడిచానమ్మా. జనం చూస్తారు కదా, మెరవాలని. గాజుని ఎప్పుడూ దాంతోనే తుడుస్తాను."

"అక్రిలిక్‌కి స్పిరిట్ పడదు నాన్నా, ఇలా లోపల పగుళ్లిస్తుంది. లోతుకెళ్తే నీళ్ల ఒత్తిడికి బద్దలవ్వొచ్చు. ఇవాళ దిగను."

గట్టు మీద గుసగుసలు మొదలయ్యాయి. పక్కింటి దర్జీకి నోరు ఊరుకోదు. "ఏమయ్యా, కన్నకూతురికే నీ పని మీద నమ్మకం లేదే!"

కూతురు తండ్రి వైపు భయంగా చూసింది. ఆ కోపం ఎలాంటిదో ఆమెకు తెలుసు. ఆయన మాత్రం కిటికీ దగ్గరికి వెళ్లి, ఆ పగుళ్లను వేలితో తడిమాడు. తర్వాత దర్జీ వైపు తిరిగాడు. అంత గర్వంగా ఆయన గొంతు ఎప్పుడూ పలకలేదు.

"నాన్న చేశాడు కదా అని మొహమాటపడకుండా దిగనని చెప్పేసింది, చూశావా? దిగుంటే నాకు పరువు మిగిలేది, కూతురు మిగిలేది కాదు. దీన్ని నేనే పీకేస్తా. నువ్వూ ఓ చెయ్యి వెయ్యి, బరువుంది."